చెయ్యి అందే దూరం

ఆఖరి ఇన్నింగ్స్. ఒక్కరే అవుట్.
అంబాజీపేట పిల్లలు ఒక్క పరుగు వెనక.
మూడో బేస్ మీద ఒక పిల్ల, మొదటి బేస్ మీద దీవెన.
కొబ్బరాకుల సందులోంచి ఎండ వాలుగా వచ్చి
సరిగ్గా నా కళ్లల్లోనే కూర్చుంది.

బంతి నేలబారుగా సత్యవేణి దగ్గరికి పోయింది.
తెల్లారకముందే నరసాపురంలో పంటు ఎక్కి వచ్చిన పిల్ల,
అక్క గ్లవ్, వేళ్ల దగ్గర రెండు సైజులు వదులు.
రెండో బేస్ మీద పాదం ఆన్చి
మొదటి బేస్‌కి విసరడానికి చెయ్యి వెనక్కి తీసింది.

దీవెన జారింది.

జారడం తప్పు కాదు.
మా బడిలో నేనే నేర్పుతాను, తడిపిన గడ్డి మీద,
ఒక కాలు మడిచి, గడ్డం గుండెకి ఆన్చి.
కానీ జారిన మనిషి చెయ్యి చాస్తే బేస్ అందాలి.
అందలేదా,
నువ్వు జారింది బేస్ కోసం కాదు, మనిషి కోసం.
రూలు అంతవరకే.
మనసులో ఏముందని అడగదు.
విసిరుంటే అవతల అందేదా అనీ అడగదు.

దుమ్ము లేచింది.
సత్యవేణి కూలబడింది. బంతి కాలవగట్టు దాకా దొర్లింది.
మూడో బేస్ పిల్ల హోమ్ తొక్కేసి గాల్లోకి ఎగిరింది.
డప్పు మొదలైంది.

నా చెయ్యి లేచింది.
నిజం చెప్పొద్దూ, నాకంటే ముందే లేచింది.
అడ్డు తగిలింది. జారిన పిల్ల అవుట్,
కొట్టిన పిల్లా అవుట్, వచ్చిన పరుగు చెల్లదు.
ఆట అయిపోయింది.

డప్పు సగం దెబ్బ దగ్గర ఆగింది.

"ఏటండీ మేష్టారూ, పిల్ల జారిందండి, మీద పళ్లేదండి, ఆయ్!"
"అవతలోళ్లు పులస పంపేరేటండీ మీకు?"
పులసల కాలం కాదని ఎవరో గుర్తు చేశారు.
కొందరు నవ్వారు. దీవెన నవ్వలేదు.
మోకాలి మీద రక్తం తుడుచుకోకుండా
నన్నే చూస్తూ నిలబడింది.

మా నాన్న ఏటా దమ్ముకి ముందు
గట్టు మీద పార వేసేవాడు.
ఒక బెత్తెడు. పక్కచేను వైపే.
"చెక్కలేదురా, సరిచేశాను" అనేవాడు,
అబద్ధమాడే మొహం కాదది.
ఆయన నమ్మాడనే అనుకుంటాను ఇప్పటికీ.
పదకొండేళ్లకి గట్టు మీద రెండు కాళ్లు పట్టడం మానేశాయి,
ఒకరి వెనక ఒకరం నడిచేవాళ్లం.

జనం పోయారు.
మంచినీళ్ల డ్రమ్ము ఎవరో ఎడ్లబండి ఎక్కించారు.
సున్నం గీతలు చెదిరాయి గానీ
ఆ జారిన చార అలాగే ఉంది, మెత్తటి ఒండ్రు మీద.
తిన్నగా వచ్చి, వచ్చి,
చివర్లో తూము దగ్గర నీళ్లలా కొంచెం పక్కకి ఒరిగింది.
కొంచెమే.

అటూ ఇటూ చూశాను.
యాభై మూడేళ్ల మనిషిని, తెల్ల ప్యాంటుతో
ఆ చారలో పడుకున్నాను.
తుంటి ఆమె తుంటి పడ్డ గుంటలో పెట్టి
చెయ్యి చాచాను.
రెండు వేళ్లు, గోనె మీద,
గరుగ్గా.

"మేష్టారూ! పడిపోయారేటండీ?"

దీవెన.
మోకాలికి పసుపు అద్దుకుని వచ్చింది.
"లేదమ్మా. కొలుస్తున్నా."
నా మొహం చూడలేదు ఆ పిల్ల.
నా వేళ్లు చూసింది, చార చూసింది,
తన కుడి చెయ్యి ఒకసారి తిప్పి చూసుకుంది.

"మీ చెయ్యి పొడుగండి" అంది.

నన్ను వదిలేసిందో, పట్టుకుందో.

"సంచి మాదండి. పీచు మిల్లులో అమ్మ కుట్టింది.
రాత్రికి తిరిగివ్వాలంట."
నా వేళ్ల కింద నుంచి మెల్లగా లాక్కుని
రెండు సార్లు దులిపి నెత్తిన పెట్టుకుంది.
ఎక్కడైతే బేస్ ఉండేదో అక్కడ
నలుచదరంగా కొంచెం తడి మట్టి.

లేవడానికి
కాసేపు పట్టింది నాకు.